అరవై రెండు కిలోలు

అనకాపల్లి
ఫిబ్రవరి 3, 2025, సోమవారం

చెల్లీ కుమారీ,

కొండ మీద చలి ఇంకా తగ్గలేదని విన్నాను, చెవులకు గుడ్డ కట్టుకుంటున్నావా? నీ ఆస్పత్రిలో ఫోను పలకదు. పలికిన రోజున నువ్వు కాన్పుల గదిలో ఉంటావు. అదీకాక మా ఇల్లు నీకు తెలుసు. వంటింట్లో గొణిగినా అరుగు మీద మీ బావకు వినిపిస్తుంది. అందుకే కాగితం మీద రాసి బస్సు కండక్టరు అయ్యప్ప చేతికి ఇస్తున్నాను. బడి మానేశాక ఇంత పొడుగు రాయడం ఇదే మొదలు, తప్పులుంటే దిద్దుకో.

మీ బావను గురువారం ఆస్పత్రి నుంచి ఇంటికి తెచ్చాం. ఆయాసం తగ్గింది. గుండె ఆగిపోలేదట, నీరసించిందట. రక్తాన్ని నెట్టే బలం తగ్గి ఒంట్లో నీరు నిలిచిపోతోందట. గుండె నీరసిస్తే నీరు కాళ్ళలోకి ఎందుకు దిగుతుందో నాకు తెలియలేదు. డాక్టరు గారిని అడుగుదామంటే నా వెనక ఇంకో పదిమంది నిలబడి ఉన్నారు.

మాత్రలు ఆరు రకాలు. చూస్తే మతి పోతోంది. బీపీ లేని మనిషికి రెండు బీపీ మాత్రలు, షుగరు లేని మనిషికి ఒక షుగరు మాత్ర. మందుల షాపతనే చీటీ చూసి "ఇది షుగరుకండి" అన్నాడు. మీ బావ అది పట్టుకుని ఒకటే నవ్వు. "ముప్పై ఏళ్ళు బెల్లం తూసేను కదే, గాలికి అంటుకునుంటాది" అంటారు. పక్కింటి ఎరుకమ్మ మాత్రం నవ్వలేదు. "లేని రోగానికి మందేత్తే ఆ రోగం వచ్చీదా? ఆపీ పిల్లా" అంది. నేను ఆపలేదు, వేయనూ లేదు. రెండు రోజుల షుగరు మాత్రలు దేవుడి పటం ముందు పెట్టాను. తప్పో ఒప్పో నువ్వే చెప్పాలి.

ఇంటికి పంపేటప్పుడు ఆయన బరువు అరవై రెండు కిలోలు. అది పెరగకుండా చూసుకోమన్నారు. తిండి తింటే ఎవరైనా పెరగరా? అదీ తెలియలేదు. త్రినాధరావు షావుకారు నెల రోజులు కొట్టుకు రావద్దన్నారు. బెల్లం బళ్ళు వచ్చే రోజుల్లో కాటా దగ్గర తను లేకపోతే ఎలాగని ఈయన దిగులు.

ఎలమంచిలిలో ఉన్న అమ్మాయికి ఏమీ చెప్పలేదు. ఏడో నెల కదా. నువ్వూ చెప్పకు.

వెంకన్న చల్లగా చూస్తాడు.
అక్క దుర్గాలక్ష్మి


కొండ మీద నుంచి
ఫిబ్రవరి 6

అక్కా,

నీ ఉత్తరం నిలబడే చదివేశాను. ముందు ఆ షుగరు మాత్ర పటం ముందు నుంచి తీసి బావకు వేసెయ్. దేవుడి గుండెకేం భయం లేదు.

అది షుగరు మందే. కానీ గుండె నీరసించిన వాళ్ళకు షుగరు లేకపోయినా ఇస్తున్నారు, మేలు చేస్తోంది. బీపీ మాత్రలు కూడా అంతే, గుండె మీద భారం తగ్గించడానికి. మన చెరుకు తోటలో మోటారు గుర్తుందా? అది సరిగ్గా తోడకపోతే నీరు వెనక్కి నిలిచి పల్లానికి చేరేది. మనిషికి పల్లం కాళ్ళే కదా. నీరు తీసే మాత్ర పొద్దున్నే వెయ్యి, సాయంత్రం వేస్తే నిద్ర ఉండదు. డాక్టరు చెప్పకుండా ఏదీ ఆపొద్దు, ఎరుకమ్మ గారు చెప్పినా సరే. నీళ్ళు, మజ్జిగ, కాఫీ అన్నీ కలిపి రోజుకు లీటరున్నర. ఉప్పు చాలా తక్కువ. కొబ్బరి నీళ్ళు మంచివని ఎవరైనా తెస్తే నువ్వు తాగెయ్.

అన్నిటికన్నా ముఖ్యం బరువు. నీరు నిలిస్తే ముందుగా తెలిసేది అక్కడే. పొద్దున్న లేచి ఒంటికీ రెంటికీ వెళ్ళొచ్చాక, ఏమీ తినకముందు తూచి పుస్తకంలో రాయి. ఒక్క రోజులో కిలో పెరిగినా, మూడు రోజుల్లో రెండు కిలోలు పెరిగినా ఆస్పత్రికి వెళ్ళిపోవాలి. అయ్యప్పతో బరువు చూసే చిన్న మిషను పంపుతున్నాను. ఎక్కితే అంకె కనిపిస్తుంది. పాదం మీద వేలితో నొక్కి చూడు, గుంట పడి అలాగే ఉంటే అది నీరు. పడుకుంటే ఊపిరి ఆడక తల కింద ఎన్ని తలగడలు పెట్టుకుంటున్నాడో కూడా లెక్క చూస్తూ ఉండు.

"మరదలు అంతా రూలు పెట్టీసింది" అంటాడు బావ. అననీ.

కుమారి


అనకాపల్లి
ఫిబ్రవరి 12, బుధవారం

కుమారీ,

నీ మిషను అందింది. పసుపు రాసి బొట్టు పెట్టాను. మీ బావ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి "ఇది కాటా ఏటే, రొట్టెల పీటలాగుంది. దీని మీద మనిసిని తూత్తారా?" అని అలమర మీద పెట్టించేశారు. షావుకారు కొట్టులో మూలన పడున్న పాత పలక కాటాను రిక్షాలో తెప్పించి వసారాలో వేయించారు. అది నాకు చూడ్డం రాదు. చిన్న రాయి వేస్తే పెద్ద బరువు అంటారు, పైన ఇత్తడి బద్ద మీద ఏదో జరుపుతారు. తనే ఎక్కి, తనే జరిపి, కొట్టులో గుమాస్తాకు బరువు అంకె పిలిచినట్టు గట్టిగా పిలుస్తారు. నేను రాస్తాను.

శుక్రవారం నుంచి ఇప్పటిదాకా రోజూ అరవై రెండే. ఒక్క రోజు కూడా మారలేదు. మాత్రలన్నీ నువ్వు చెప్పినట్టే వేస్తున్నాను. నీళ్ళు సీసాతో కొలిచి పోస్తున్నాను. తీర్థం కూడా అందులోనే లెక్క వేసుకున్నాను, వెంకన్న క్షమిస్తాడు.

కానీ చెల్లీ, నాకు ఒకటి అర్థం కావడం లేదు. పాదం మీద నొక్కితే గుంట పడుతోంది. చెప్పు పట్టెడ దగ్గర దారం కట్టినట్టు గీత ఉంటోంది. ఒక తలగడ రెండయింది, నిన్నటి నుంచి మూడు. నీరు నిలిస్తే బరువు పెరగాలన్నావు. బరువు కదలడం లేదు, కాళ్ళు ఉబ్బుతున్నాయి. కాళ్ళలో చేరిన నీరు ఒంట్లో మిగతా చోట తగ్గుతోందా? అలా ఉంటుందా? పుస్తకం చూస్తే ధైర్యం వస్తుంది, కాళ్ళు చూస్తే పోతుంది.

అక్క


కొండ మీద నుంచి
ఫిబ్రవరి 15

అక్కా,

నువ్వు రాసినది నాలుగు సార్లు చదివాను. నాకూ అర్థం కాలేదు. ఆరు రోజులు ఒక్క గీత మారని బరువుంటే అది నీరు కాదనే అనుకోవాలి. తూచేది బావ. ముప్పై ఏళ్ళ కాటా మనిషి, ఆయన తూకం మీద ఎవరికి అనుమానం?

కాబట్టి వేరేది ఏదో ఉంది. రోజంతా కాళ్ళు వేలాడేసి కూర్చుంటున్నాడా? మోకాళ్ళ నొప్పులకని చాటుగా మాత్రలు కొని మింగుతున్నాడా? అవి ఈ జబ్బుకు విషం. జేబులు చూడు. ఊరగాయ జాడీ చూడు. నువ్వు జాలిపడి పప్పులో ఉప్పు వేస్తున్నావేమో కూడా చూసుకో. తలగడల సంగతి, కోప్పడకు, ఒకసారి ఆయాసం చూసిన వాళ్ళకు ప్రతి దగ్గూ ఆయాసంలాగే వినిపిస్తుంది. నువ్వు భయంతో ఎక్కువ చూస్తున్నావేమో.

అయినా రెండు రోజుల్లో డాక్టరుకు ఒకసారి చూపించు.

కుమారి


అనకాపల్లి
ఫిబ్రవరి 19, బుధవారం

కుమారీ,

కోపం రాలేదు. కొంచెం ఏడుపు వచ్చింది, అంతే.

నా పప్పు తినిపించి చూస్తే నీకే తెలుస్తుంది ఉప్పు ఉందో లేదో. జాడీ ఎరుకమ్మ ఇంట్లో పెట్టించి పది రోజులైంది. ముప్పై ఏళ్ళ కాపురంలో మొదటిసారి ఆయన జేబులు వెతికాను. ఒక సుద్దముక్క, రెండు రబ్బరు బ్యాండ్లు దొరికాయి. చొక్కా మళ్ళీ తగిలిస్తుంటే సిగ్గేసింది. నేను భయపడతానన్న మాట నిజమే. కానీ నేను చూసింది కాళ్ళు, నువ్వు చూసింది పుస్తకంలో అంకె.

డాక్టరు దగ్గరికి వెళ్దామంటే మీ బావ కదలరు. "మీ సెల్లి ఏటి రాసింది?" అన్నారు.

"వెళ్ళమంది."

"అది సివరికి కదా. ముందు లైను సదువు."

చదివాను.

"బరువు మారకపోతే నీరు కాదన్నాది. నర్సమ్మే అన్నాది. ఇంక డాక్టరెందుకు? ఆ బెంచీ మీద పొద్దుటేల నుంచి కూకోడానికా?"

నీ మాట నీ బావకు ఆసరా అయిపోయింది. నీ తప్పు కాదులే. ఇదివరకు కొట్టులో బరువు పిలిచినట్టే గట్టిగా మాట్లాడేవారు, ఇప్పుడు సగం మాట దగ్గర ఆగి గాలి తీసుకుంటున్నారు. అది కూడా భయంతో నాకే అలా వినిపిస్తోందా?

మొన్న జనవరిలో ఆస్పత్రి వరండాలో ఒక మొక్కు మొక్కాను. ఆయన ఇంటికి వస్తే ఉప్మాక గుళ్ళో వెంకన్న స్వామికి ఆయన ఎత్తు బెల్లం తూచి ఇస్తానని. ఈ శనివారం ఆటోలో తీసుకెళ్తున్నాను. అటు నుంచి వచ్చాక డాక్టరుకు చూపించుకుంటానని నా తల మీద చెయ్యి పెట్టి చెప్పారు. మొక్కు తీరితే అన్నీ సర్దుకుంటాయనిపిస్తోంది. నువ్వు తిడతావని తెలుసు.

అక్క


అనకాపల్లి
ఫిబ్రవరి 23, ఆదివారం

కుమారీ,

ఈ ఉత్తరం అందగానే చదువు. తొందరలో రాస్తున్నాను, అక్షరాలు చూసుకోలేదు.

నిన్న ఉప్మాక వెళ్ళాం. షావుకారు గారి గుమాస్తా సరిగ్గా అరవై రెండు కిలోలు కట్టి పంపాడు, నాలుగు పెద్ద దిమ్మలు, ఒక చిన్నది. ఆటో దిగి గుడి లోపలికి నడవడానికి మీ బావ మూడు చోట్ల ఆగారు. తక్కెడ ఒక పళ్ళెంలో ఆయన కూర్చున్నారు. రెండో దాంట్లో బెల్లం పేర్చారు. ఆఖరి దిమ్మ పెట్టాక కూడా ఆయన పళ్ళెం నేల మీద నుంచి లేవలేదు కుమారీ.

పూజారి గారు "ఇంకో దిమ్మ ఉందా తల్లీ?" అన్నారు. బయట కొట్లో అయిదు కిలోలు కొన్నాను. లేవలేదు. మళ్ళీ వెళ్ళి ఇంకో నాలుగు తెచ్చాను. అప్పుడు లేచింది. వెనక లైనులో ఎవరో ఆవిడ "మొక్కులో ఏటో లోపముంటే సామి అలాగే సేత్తాడమ్మా" అంది.

మీ బావ ముఖం నల్లబడిపోయింది. "గుడి తక్కెడ తప్పు" అన్నారు మెల్లగా.

ఏం లోపం చేశానో తెలియడం లేదు. మాత్రలు పటం ముందు పెట్టినందుకా? తీర్థాన్ని కొలిచినందుకా? తొమ్మిది కిలోలు ఎక్కువ అడిగాడంటే స్వామికి నా మీద కోపమా, ఆయన మీదా? నిన్నటి నుంచి వెనక్కి వాలలేకపోతున్నారు. కుర్చీలోనే కూర్చుని ఉన్నారు. పొద్దున్న కూడా కాటా ఎక్కి అరవై రెండే పిలిచారు. డాక్టరు దగ్గరికంటే ఇవాళ ఆదివారం కదా అంటున్నారు.

అక్క


కొండ మీద నుంచి
ఫిబ్రవరి 24

అక్కా, స్వామికి కోపం లేదు. ఆయన తక్కెడ సరిగ్గానే ఉంది.

అలమర మీద నేను పంపిన మిషను దింపు. బావను ఎక్కించు. అంకె నువ్వే చూడు. ఆయన పిలిచింది రాయకు. ఎంతొచ్చినా సరే, చూసిన వెంటనే ఆటో పిలిచి ఆస్పత్రికి వెళ్ళిపో. మాత్రల సంచీ, పుస్తకం తీసుకెళ్ళు. వెనక్కి వాలలేకపోవడం ఒక్కటి చాలు. ఈ ఉత్తరం కోసం నువ్వు ఆగకుండా, మాడుగులలో సిగ్నలు రాగానే అయ్యప్ప నీకు ఫోను చేసి ఇదే చదువుతాడు. నేను రాలేను, ఇక్కడ ఇద్దరు నొప్పుల మీద ఉన్నారు, నేనొక్కదాన్నే.

వెళ్ళు.

కుమారి


ఆస్పత్రి నుంచి
ఫిబ్రవరి 27, గురువారం

కుమారీ,

ఊపిరి అందుతోంది ఆయనకు. ముందు అది తెలుసుకో.

అయ్యప్ప ఫోనులో చదివాక మిషను దింపాను. డెబ్బై ఒకటి అని చూపించింది. పాడైందనుకుని నేను ఎక్కాను, నా బరువు నాకు సరిగ్గానే వచ్చింది. మళ్ళీ ఆయన్ని ఎక్కించాను. డెబ్బై ఒకటే. మీ బావ ఆ అంకె వైపు చూడలేదు, గోడకేసి చూశారు. చెయ్యి పట్టుకుని ఆటో ఎక్కించాను.

ఇక్కడ ముక్కుకు గొట్టం పెట్టారు. నీరు మందు నరంలోకి ఎక్కిస్తున్నారు. మూత్రం కొలిచి రాస్తున్నారు, నేనే సంచీ పట్టుకుని నర్సమ్మకు చూపిస్తున్నాను. రెండో రోజు డాక్టరు గారు బరువు రాసిన పుస్తకం అడిగారు. ఇచ్చాను. అన్ని పేజీలూ తిప్పారు.

"ఇక్కడికి వచ్చేదాకా అరవై రెండా? ఎవరు రాశారిది?"

మీ బావ ముక్కు గొట్టం సర్దుకుని "రాసింది ఆవిడండి. పిలిసింది నాను" అన్నారు.

"కాటా ఎంత చూపించింది?"

"అరవై మూడు, అరవై అయిదు... అలా ఎక్కుతానే ఉందండి."

"మరి అరవై రెండని ఎందుకు చెప్పావు?"

"తరుగు తీసీసేనండి."

డాక్టరు గారికి అర్థం కాలేదు. నేను మెల్లగా చెప్పాను. బెల్లం దిమ్మ చెమ్మగిల్లి వస్తే కాటా మనిషి చేత్తో తడిమి చూస్తాడండీ, అందులో నీరెంతో అంచనా కట్టి ఆ బరువు తీసేసి, అసలు సరుకు ఎంతో అదే గట్టిగా పిలుస్తాడండీ, దాన్ని తరుగు అంటారు, ఈయన ముప్పై ఏళ్ళుగా చేసే పని అదేనండీ అని.

"అవునండి" అన్నారు మీ బావ. "నా బరువు ఎంతని కదా మీరు అడిగేరు. పెరిగిందంతా నీరని నాకు తెలుత్తానే ఉంది. నీరు నాది కాదు కదండీ?"

డాక్టరు గారు పుస్తకం మూసేశారు. "నాకు కావలసింది ఆ తరుగేనయ్యా, సత్తిరాజూ" అన్నారు.

పక్క మంచం ముసలాయన నవ్వేశాడు. నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఇన్నాళ్ళూ నువ్వు తప్పా, నేను తప్పా, మాత్ర తప్పా, మొక్కు తప్పా అని తిరిగాను. ఎవరూ అబద్ధం చెప్పలేదు చూడు. అయినా ఇంతదాకా వచ్చింది.

అక్క


కొండ మీద నుంచి
మార్చి 2

అక్కా,

నీకు మొహం ఎలా చూపించాలో తెలియడం లేదు. పుస్తకాన్ని నమ్మాను, నీ కళ్ళను నమ్మలేదు. నర్సు చెయ్యకూడని పని అదే. మంచం పక్కన ఉండే మనిషి "తేడాగా ఉంది" అంటే ఏ అంకె ఏం చెప్పినా వినాలని నాకు పాఠం చెప్పిన సిస్టరు ఇప్పుడుంటే చెవి మెలిపెట్టేది. జేబులు వెతికించాను నీ చేత. ఆ మాట పదే పదే గుర్తొస్తోంది.

ఇద్దరు పిల్లలూ క్షేమంగా పుట్టారు. పదో తారీఖు నుంచి నాలుగు రోజులు సెలవు దొరికింది, వస్తున్నాను.

ఒకటి అడుగుతాను. చేతి అలవాటుతోనే అలా పిలిచాడా, తెలిసే దాచాడా? ఆస్పత్రికి మళ్ళీ రావడం ఇష్టం లేకనా? అది తెలియకపోతే ఇంటికి వెళ్ళాక మళ్ళీ ఇదే మొదలవుతుంది. నువ్వే అడగాలి. నేనడిగితే జోకు చేస్తాడు.

కుమారి


అనకాపల్లి
మార్చి 7, శుక్రవారం, పొద్దున్న

చెల్లీ,

మంగళవారం ఇంటికి పంపారు. ఒంట్లో నీరంతా తీశాక ఆయన బరువు యాభై ఎనిమిది. ఆ అంకె చూసి మీ బావ ఆస్పత్రి కాటా మీద నుంచి దిగలేదు. "ఇంకో నాలుగు కిలోలు ఏవండీ?" అని నర్సమ్మను అడిగారు. పోయిన సారి అరవై రెండులోనే కొంత నీరు ఉండిపోయిందట. ఈ నెలలో కండ కూడా కరిగిందట. నీరు పైకి కనబడి, కరిగిన మనిషి లోపల కనబడలేదట. దారిలో ఆటోలో అన్నారు, "నీరు తీసీసేననుకున్నాను. లేని మనిసిని కూడా పిలిసేను కదే. ముప్పై ఏళ్ళలో ఎవలికీ తప్పు పిలవలేదు." నేను ఆయన చెయ్యి పట్టుకుని కూర్చున్నాను.

నువ్వడగమన్నది నిన్న సాయంత్రం అడిగాను. బియ్యం ఏరుతూ, తలెత్తకుండా.

"తెలిసే చేశారా?"

నా చాటలోంచి ఒక రాయి ఏరి పక్కన పెట్టారు. తర్వాత అన్నారు. "మొదటి రోజు సెయ్యి అలవాటే. కిలో పెరిగితే తరుగు కదాని తీసీసేను. అరవై రెండని పిలిసేసరికి నువ్వు గోవిందా అని రాసుకుని నా వంక సూసేవు. మొహం అప్పుడు దీపమెట్టినట్టుంది. రెండో రోజు నీ మొహం సూసి పిలిసేను. ఆ తరవాత ఇంక కాటా సూసింది పిలవలేదు."

"అంటే నా వల్లనా?"

"నీ వల్లని ఎవలన్నారే? అరవై అయిదని పిలిత్తే ఆ పూటకి నీకు అన్నం దిగదు. అది సూళ్ళేను. అంతే."

అలవాటా, దాచడమా అని అడిగావు కదా. ఏమని రాయను? రెండూ కాదు, రెండూ అవును. నాకు తెలిసింది ఒక్కటే. ఆయన పిలిచేటప్పుడు నా మొహం ఎలా ఉండాలో నేను నేర్చుకోవాలి. మాత్రలు వేయడం కన్నా అది కష్టంగా ఉంది. పలక కాటాను కొట్టుకు పంపేశాం. నీ మిషను వసారాలో పెట్టాం. "పిలవడం మాత్తరం నానే" అన్నారు. సరేనన్నాను, పక్కన నిలబడి నేనూ చూస్తున్నాను.

నిన్న యాభై ఎనిమిదింబావు. ఇవాళ పొద్దున్న ఎక్కారు. నేను పుస్తకం మీదే కళ్ళు పెట్టుకుని కూర్చున్నాను, అంకె కన్నా ముందు ఆయన గొంతు వినాలని. ఆయన దిగి మళ్ళీ ఎక్కారు.

"యాభై తొమ్మిదిన్నర" అన్నారు. గట్టిగా, కొట్టులో పిలిచినట్టే.

లేచి చూశాను. యాభై తొమ్మిదిన్నరే. ఒక్క రోజులో కిలో దాటింది. పుస్తకంలో రాశాను. గోవిందా అనలేదు, అయ్యో అనలేదు. "సంచీ సర్దనా?" అన్నాను, అంతే.

ఎందుకు పెరిగిందో తెలియదు. అన్నీ నువ్వు చెప్పినట్టే చేశాను. అక్కడ అడుగుతాను. ఈసారి వెనక పదిమంది నిలబడినా అడుగుతాను. ఇంకా రాయాలని ఉంది కానీ ఆటో వచ్చేసింది. నేను ఇంకా తాళం చెవి వెతుక్కోవాలి. మీ బావ చొక్కా తొడుక్కుని, ఎవరూ చెప్పకుండానే వెళ్ళి అందులో కూర్చున్నారు.

అక్క